ఈల ఊదువాని ఖర్చుపద్దు

ఆట ముగిసిన పిమ్మట ప్రేక్షకులు గెలిచినవారిని పొగడుదురు, ఓడినవారిని ఓదార్తురు. తీర్పు చెప్పిన అంపైరును మాత్రము ఎవరును పలుకరింపరు. అమెరికాలో పాఠశాలల ఆటలకు వచ్చు అంపైర్లు, రిఫరీలు పెక్కుమంది పగలు వేరొక ఉద్యోగము చేసికొనుచు, తీరిక వేళల ఈల పట్టుకొని పోవువారే. ఆటకింత యని చేతికి వచ్చు ఆ స్వల్పాదాయముపై పన్ను చెల్లింపవలెనా? అందుండి ఏ ఖర్చులు తీసివేయవచ్చును? ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద చరిత్రయే కలదు.

ఆ దేశమున ఆదాయపు పన్ను తొలిసారి అంతర్యుద్ధకాలమున, 1861లో శాసనమైనది, 1872లో అంతరించినది. 1894లో మరల విధింపగా, మరుసటి యేడే సుప్రీంకోర్టు కొట్టివేసినది. 1913లో రాజ్యాంగమునకు పదునాఱవ సవరణ జరిగిన పిదపనే అది స్థిరపడినది. నాడు ఒంటరివానికి 3,000 డాలర్ల మినహాయింపు ఉండుటచే సామాన్యుని కది సోకలేదు. రెండవ ప్రపంచయుద్ధముతో మినహాయింపులు తగ్గి, పన్ను ప్రతి జీతగాని గుమ్మము తొక్కినది.

వృత్తి చేయువాడు వచ్చిన రాబడిపై గాక, మిగిలిన లాభముపై పన్ను చెల్లించుట న్యాయము. కావున వృత్తికి సాధారణమును, ఆవశ్యకమును అగు వ్యయమును తీసివేయుటకు చట్టము అంగీకరించినది. కాని ఆ వ్యయమును రుజువు చేయుట ఎట్లు?

జార్జి ఎం. కోహన్ అను ప్రసిద్ధ నాటకప్రయోక్త ప్రయాణములకును, విందులకును ధారాళముగా వెచ్చించి, లెక్క వ్రాసి యుంచలేదు. పన్నుల అప్పీళ్ల బోర్డు ఆ ఖర్చును పూర్తిగా త్రోసివేసినది. 1930లో న్యాయమూర్తి లర్నెడ్ హ్యాండ్ మఱొక విధముగా తలచెను: ఖర్చయిన మాట నిజమైనపుడు ఏమియు ఒప్పకుండుట తగదు, అంచనా వేయవలెను, అయితే లెక్క వ్రాయని లోపము అతనిదే గనుక అంచనా బిగువుగా నుండవలెను. ఈ దయ మూడు దశాబ్దములు సాగినది. 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ఖర్చుపద్దుల దుర్వినియోగమును విమర్శింపగా, 1962 నాటి శాసనము ప్రయాణపు ఖర్చునకు మొత్తము, కాలము, స్థలము, ప్రయోజనము అను నాల్గింటికి ఆధారము కోరినది. 1984లో సొంతకారు వాడుకను గూడ ఆ నిబంధనక్రిందికి తెచ్చి, ఎప్పటి లెక్క అప్పుడే వ్రాయవలెనని ఆజ్ఞాపించిరి. ప్రజలు గగ్గోలు పెట్టగా 1985లో ఆ కఠినపదమును తొలగించిరి. ఆధారము మాత్రము నేటికిని కావలసినదే.

ఇంటినుండి కొలువునకు పోవు ఖర్చు సొంతమే యని 1946లో ఫ్లవర్స్ అను న్యాయవాది వ్యాజ్యెమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. కావున ఆఫీసునుండి నేరుగా ఆటస్థలమునకు పోవు రిఫరీ మైళ్లు లెక్కకు వచ్చును. ఇంటినుండి నిత్యము కొలువునకు పోవు మైళ్లు రావు. నిత్యము ధరింప వీలుకాని చారల చొక్కాయి, ఈల, సంఘపు రుసుము చెల్లును. బజారులోనికి తొడుగుకొని పోదగిన దుస్తులు చెల్లవు.

వేరొక చిక్కు కలదు. అతడు స్వతంత్రుడా, ఉద్యోగియా? స్వతంత్రుడైనచో ఖర్చులు తీసివేయవచ్చును. కాని నికరాదాయము 400 డాలర్లు చేరినచో సామాజిక భద్రతకు చందా చెల్లింపవలెను. ఈ బాధ్యత 1951 నుండి వచ్చినది. ఉద్యోగియే యైనచో, తిరిగి చెల్లింపబడని ఖర్చును తీసివేయు హక్కు 2017 నాటి శాసనముచే 2018 నుండి నిలిచిపోయినది. 2025 శాసనము ఆ నిలుపుదలను శాశ్వతము చేసినది. ఒకే ఈల, ఒకే మైదానము, ఒకే ఖర్చు. పేరు మారిన మాత్రమున ఫలము మారుచున్నది.

ఆటలో క్షణమున తీర్పు చెప్పువాడు తన లెక్కను మాత్రము ఏడాది పొడుగున వ్రాసికొనవలెను. జేబులోని చిన్న పుస్తకమున తేది, ఊరు, మైళ్లు వ్రాసికొనుటకు పట్టునది ఒక్క నిమిషము. అది లేనిచో అతడు నిజముగా వెచ్చించిన డాలరును గూడ చట్టము లాభముగనే లెక్కించును.