తెలుగు తెర మీద శృంగార సన్నివేశాలు: చిక్కబళ్లాపురం సీమ ప్రేక్షకులు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి కర్ణాటకలో ఉన్నా ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగే. అందుకే తెలుగు సినిమాకు ఇది సొంత గడ్డ. శృంగారం వీళ్లకు సినిమాతో పరిచయమైంది కాదు. తెల్లవార్లూ తెలుగులో ఆడే కేళికె అనే జానపద నాటకాల్లో పురాణ నాయికల విరహాలూ సరసాలూ పిల్లాజెల్లాతో కూర్చుని చూసినవే.

1952 సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చాక కూడా సెన్సారు చాలాకాలం ముద్దును తెర మీదికి రానివ్వలేదు. ఆ లోటు పాట తీర్చింది. నాయిక పరువు పోకూడదు, టిక్కెట్లు తెగాలి. అందుకని పాటకు వేరే నర్తకిని పెట్టారు. ‘ప్రేమ్‌నగర్’ (1971)లో వాణిశ్రీ నిండుగా చీర కట్టి హుందాగా కనిపిస్తే, ఎల్.ఆర్.ఈశ్వరి గొంతుకు జ్యోతిలక్ష్మి ఆడింది. ‘యమగోల’ (1977)లో ఆ వంతు జయమాలినిది. ఈలలూ చిల్లర విసరడాలూ వీళ్ల పాటలకే, మర్యాద మాత్రం నాయికకే. ఇది ముమ్మాటికీ అన్యాయం. అదే ఏడాది కె.రాఘవేంద్రరావు ‘అడవి రాముడు’లో ఎన్.టి.ఆర్. పక్కన నాయిక జయప్రదనే వానలో తడిపి ఆడించారు. కుటుంబాలు కదిలొచ్చి చూశాయి.

అసలు అడ్డంకి శృంగారానికి కాదు, కులానికి తగిలినప్పుడు వచ్చింది. నెల్లూరు జిల్లాలో పుట్టి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ కర్త పఠాభి (తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి) 1970లో యు.ఆర్.అనంతమూర్తి నవల ఆధారంగా కన్నడంలో ‘సంస్కార’ తీశారు. అందులో కులం కట్టుబాట్లకు తలవంచిన అగ్రహారపు బ్రాహ్మణ పండితుడు ప్రాణేశాచార్యుడు గుడి నుంచి చీకట్లో తిరిగొస్తుంటే, కింది కులపు స్త్రీ చంద్రి ఆయన కాళ్ల మీద పడుతుంది. అడవిలో ఆ రాత్రి ఇద్దరూ ఒకటవుతారు. ఆచార్యుడిగా గిరీష్ కర్నాడ్, చంద్రిగా పఠాభి భార్య స్నేహలతారెడ్డి నటించారు. మద్రాసు సెన్సారు సినిమాను ఆపింది. భయపెట్టింది ఆ కలయిక కాదు, అగ్రహారం గుట్టు బయటపడడం. కేంద్రం జోక్యంతో విడుదలై జాతీయ ఉత్తమ చిత్రమైంది.

కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటకానిదీ ఇదే దారి. వేశ్య కథే అయినా ఊరూరా దశాబ్దాలు ఆడింది. 1956లో భానుమతి, ఎన్.టి.ఆర్.లతో సినిమాగానూ వచ్చింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదే అందుకు కారణం.