నేరముద్ర పడిన బాల్యం: 17వ సెక్షన్ నుండి హిస్టరీ షీట్ వరకు విముక్త జాతుల ఆడపిల్లలు

నల్లగొండ జిల్లా కట్టంగూర్ మీదుగా సాగే 65వ జాతీయ రహదారి హైదరాబాదును విజయవాడకు, అక్కడి నుండి బందరుకు కలుపుతుంది. సముద్రతీరపు ఉప్పును దక్కనుకు చేరవేసిన లంబాడ బిడారులకు, ఎరుకల వర్తకులకు తీరాన్నీ పీఠభూమినీ కలిపే ఇటువంటి మార్గాలే జీవనాధారం. 1889లో నిజాం రైలు బెజవాడను చేరింది. పశువులపై సరుకు మోసే వర్తకం క్రమంగా క్షీణించింది. రైలుమార్గాలు, ఉప్పు విధానం, అటవీ నిబంధనలు కలిసి ఒక వృత్తిని కూల్చిన తీరును, ఆ వృత్తి కోల్పోయినవారే పోలీసు దస్త్రాలలో అనుమానితులుగా మారిన తీరును చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ కొరవ సమాజం విషయంలో సవివరంగా చర్చించారు. ఈ చరిత్రలో తక్కువగా చర్చకు వచ్చిన పాత్ర ఆడపిల్ల. బడి, న్యాయవ్యవస్థ అనే రెండు సంస్థలు ఆమెను ఏ దృష్టితో చూశాయన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

1871 నాటి నేరస్థ తెగల చట్టం మొదట ఉత్తర భారతానికి ఉద్దేశించినది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. నిజాం రాజ్యానికి ఆ చట్టం నేరుగా వర్తించకపోయినా, సంస్థానం సొంత నిబంధనలతో అదే విధానాన్ని అనుసరించింది. 1911 చట్టంలోని 17వ సెక్షన్‌ను విద్యాచరిత్రకారులు ప్రత్యేకంగా చదవవలసి ఉంది. నేరస్థ తెగగా ప్రకటితమైన సమూహపు పిల్లల కోసం పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలలు స్థాపించడానికి, ఆ పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి అక్కడ ఉంచడానికి ఈ సెక్షన్ ప్రభుత్వానికి అధికారమిచ్చింది. పిల్లలు అంటే ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండనివారు. 1924లో చట్టాన్ని తిరిగి క్రోడీకరించినప్పుడు కూడా ఈ సెక్షన్ అదే సంఖ్యతో నిలిచింది.

అసలు మెలిక దాని ఉపనిబంధనలో ఉంది. ఈ పాఠశాలలకు 1897 నాటి సంస్కరణ పాఠశాలల చట్టంలోని కొన్ని సెక్షన్లు వర్తిస్తాయని, అందుకోసం ఇక్కడి పిల్లలను ‘బాల నేరస్థులు’గా భావించాలని అది నిర్దేశించింది. అయితే 1897 చట్టం ప్రకారం బాల నేరస్థుడంటే శిక్ష పడిన, పదిహేనేళ్లలోపు మగపిల్లవాడు మాత్రమే. ఆ నిర్వచనంలో ఆడపిల్లకు చోటు లేదు. పర్యవసానం విచిత్రమైనది: దొంగతనం రుజువైన ఒక సాధారణ కుటుంబపు బాలిక ఆ చట్టం కింద బాల నేరస్థురాలు కాదు, ఏ తప్పూ చేయని ఎరుకల బాలిక మాత్రం పుట్టుక వల్లనే బాల నేరస్థురాలితో సమానం. విచారణ, సాక్ష్యం, తీర్పు అనే మూడింటినీ దాటివేసి శిక్షాస్థానానికి చేర్చే దారిగా ఇక్కడ బడి మారింది.

ఆడపిల్లపై అనుమానానికి మరొక ఆధారం తల్లి వృత్తి. ఎరుకలసాని తెలుగువారికి అపరిచితురాలు కాదు. తిరుమల స్థలగాథలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం ధరించి ఆకాశరాజు నగరికి వెళతాడు. యక్షగానాలలో ఆమెది ఆదరణ గల పాత్ర. అదే స్త్రీ పోలీసు అధికారుల వర్ణనలలోకి వచ్చేసరికి, సోది చెప్పే నెపంతో, బుట్టలమ్మే నెపంతో ఇళ్ల ఆనుపానులు కనిపెట్టే గూఢచారిణి అయింది. తల్లి వెంట తిరిగే కూతురు ఆ విద్యకు వారసురాలన్న భావం నుండే పిల్లలను వేరుచేయాలన్న వాదన బలం పుంజుకుంది. 1910వ దశకంలో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి సెటిల్‌మెంట్లలో అక్షరజ్ఞానం అందిన మాట వాస్తవమే. మిషనరీల సేవాదృష్టిని కొట్టిపారేయనక్కరలేదు. కాని అక్కడి బడి హాజరు పట్టిక, పోలీసు హాజరు పట్టిక ఒకే పాలనలో భాగాలు.

ప్రపంచ సందర్భంలో దీనికి సమీపమైన చర్చ అమెరికాలో సాగుతున్నది. జార్జ్‌టౌన్ న్యాయ కళాశాల 2017లో వెలువరించిన అధ్యయనం, నల్లజాతి బాలికలను పెద్దలు శ్వేతజాతి బాలికలకంటే తక్కువ అమాయకులుగా, వయసుకు మించినవారుగా భావిస్తున్నారని, ఈ భేదం ఐదేళ్ల వయసు నుండే కనిపిస్తుందని తేల్చింది. పాఠశాలల్లో కఠిన క్రమశిక్షణకు, బాల న్యాయవ్యవస్థలో కాఠిన్యానికి ఈ దృష్టి దోహదం చేయవచ్చని దాని కర్తలు సూచించారు. ఆ అధ్యయనం కొలిచింది మనోభావాన్ని. 17వ సెక్షన్ విషయంలో ఆ కొలత అవసరం లేదు. భావం చట్టవాక్యంగానే లభిస్తున్నది.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అయినా కట్టంగూర్ పరిసర తండాల బాలికకు విద్యాహక్కు వెంటనే సమకూరలేదు. 1956 షెడ్యూల్డు తెగల జాబితా లంబాడ, ఎరుకల సమూహాలను నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా తెలంగాణ జిల్లాలు మినహా రాష్ట్రమంతటా గుర్తించింది. ఆ రహదారి మీదే జగ్గయ్యపేట వైపు తండాలోని బాలిక షెడ్యూల్డు తెగకు చెందినది. కోదాడ దాటితే ఆమె మేనత్త కూతురికి ఆ గుర్తింపు లేదు. ఈ ప్రాంతీయ పరిమితిని 1976 సవరణ చట్టం తొలగించింది. మధ్యలో గడిచిన ఇరవై ఏళ్లంటే ఒక తరం ఆడపిల్లల చదువు వయసు మొత్తం. వెనుకబాటును సంస్కృతికి, బాల్యవివాహానికి మాత్రమే ఆపాదించే రచనలు ఈ మినహాయింపును విస్మరించడం సమంజసం కాదు.

న్యాయస్థానాలలో ఇటువంటి దృష్టి విముక్త జాతులకే పరిమితం కాలేదు. తుకారాం కేసులో పోలీసు స్టేషన్‌లో అత్యాచారానికి గురైనట్లు చెప్పిన ఆదివాసీ బాలిక వయసు పద్నాలుగు, పదహారు సంవత్సరాల మధ్య. సెషన్స్ కోర్టు ఆమె నడవడినే విచారణాంశంగా చేసింది. ఉన్నత న్యాయస్థానం విధించిన శిక్షను సుప్రీంకోర్టు 1978లో ప్రతిఘటన చిహ్నాలు లేవన్న కారణంతో రద్దుచేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ 1983 చట్టసవరణకు దారితీసిన ఉద్యమానికి నాంది పలికింది.

నేరస్థ తెగల చట్టం స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు చేశాయి. సమూహానికి బదులు వ్యక్తి లక్ష్యమయ్యాడు గాని, నమోదు పద్ధతి మిగిలింది. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనుకబడిన, షెడ్యూల్డు, విముక్త వర్గాలకు చెందినవారిపై యాంత్రికంగా హిస్టరీ షీట్లు తెరుస్తున్నారన్న ఆరోపణలను ప్రస్తావించింది. నేరస్థుడికి ఆశ్రయమిచ్చినట్లు ఆధారముంటే తప్ప, మైనర్లయిన కొడుకు, కూతురు, తోబుట్టువుల వివరాలు షీటులో ఎక్కడా నమోదు చేయరాదన్న ఢిల్లీ పోలీసుల సవరణను ఆమోదించి, మిగిలిన రాష్ట్రాలు కూడా తమ విధానాలను పునఃపరిశీలించాలని ఆదేశించింది.