దోషం నుంచి ఆధారానికి: విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆంగ్ల అభ్యసన పరిశోధనలో దృక్పథ పరిణామం

ఉపోద్ఘాతం:
రెండో భాషగా ఆంగ్లాన్ని నేర్చుకునే విద్యార్థి రాసిన వాక్యంలోని తప్పును ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్న చుట్టూ ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒక పరిశోధనా రంగమే రూపుదిద్దుకుంది. తప్పును దురలవాటుగా చూసిన కాలం ఒకటి. దానిని అభ్యసనానికి ఆధారంగా చూసిన కాలం మరొకటి. ఈ రెండింటి మధ్య జరిగిన మార్పు తెలుగు మాధ్యమంలో చదివి కళాశాలకు వచ్చే విద్యార్థిని అంచనా వేసే తీరుతో నేరుగా ముడిపడి ఉంది. ఆ మార్పు క్రమాన్ని, తెలుగు భాషా నిర్మాణం వెలుగులో దాని ప్రాధాన్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అలవాటు సిద్ధాంతం – మాతృభాషపై అభియోగం:
1941లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రీజ్ నాయకత్వాన ఆంగ్ల భాషా సంస్థ ఏర్పడింది. నిర్మాణవాద భాషాశాస్త్రం, ప్రవర్తనావాద మనస్తత్వశాస్త్రం అక్కడి బోధనకు పునాదులు. భాష అలవాట్ల సముదాయమనీ, పునశ్చరణ ద్వారా కొత్త అలవాట్లు స్థిరపడతాయనీ ఆ సంప్రదాయం భావించింది. అక్కడే పనిచేసిన రాబర్ట్ లాడో 1957లో ‘లింగ్విస్టిక్స్ అక్రాస్ కల్చర్స్’ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. మాతృభాషతో పోలిక ఉన్న అంశాలు సులభంగానూ, భేదించే అంశాలు కష్టంగానూ ఉంటాయన్నది అందులోని మూలసూత్రం. రెండు భాషల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి కష్టాలను ముందే ఊహించే ఈ పద్ధతి భేదాత్మక విశ్లేషణగా ప్రసిద్ధి పొందింది.

ఆ మరుసటి ఏడాది, 1958లో, హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలను కూడా తన పేరులో చేర్చుకున్న ఆ సంస్థే 2007 నాటికి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలను సమకూర్చే బాధ్యత చేపట్టింది. చరిత్రను, అర్థశాస్త్రాన్ని తెలుగులో చదువుతూ ఆంగ్లాన్ని ఒక భాషాంశంగా మాత్రమే నేర్చుకునే పట్టభద్ర విద్యార్థి వర్గం ఈ విధంగా విస్తరించింది. ఆ విద్యార్థుల ఆంగ్లంలో కనిపించే ప్రతి లోపానికీ తెలుగే కారణమని చెప్పడానికి భేదాత్మక విశ్లేషణ ఒక సిద్ధమైన వివరణను అందించింది.

దోషమే ఆధారం:
ఈ వివరణను 1967లో ఎడింబరోకు చెందిన పిట్ కార్డర్ తన ప్రసిద్ధ వ్యాసంలో ప్రశ్నించాడు. అలసట వల్లనో, మరపు వల్లనో దొర్లే పొరపాటును, నియమబద్ధంగా పునరావృతమయ్యే దోషం నుంచి ఆయన వేరుచేశాడు. రెండో రకం దోషం అధ్యాపకునికి విద్యార్థి ఎంతవరకు వచ్చాడో చెబుతుంది. పరిశోధకునికి భాష ఎలా అలవడుతుందో చూపుతుంది. విద్యార్థికి తన ఊహను పరీక్షించుకునే సాధనమవుతుంది. మాతృభాష ఇందులో అవరోధం కాదు, తోడ్పాటు అన్నది ఆయన అభిప్రాయం. 1972లో లారీ సెలింకర్ అభ్యాసకుని భాషను మాతృభాషకూ లక్ష్యభాషకూ నడుమ నిలిచే స్వతంత్ర వ్యవస్థగా గుర్తించి, మధ్యంతర భాష అనే భావనను ప్రతిపాదించాడు.

1974లో బెయిలీ, మాడెన్, క్రాషెన్‌లు న్యూయార్క్‌లోని క్వీన్స్ కళాశాలలో ఆంగ్లం నేర్చుకుంటున్న 73 మంది వయోజనులను పరిశీలించారు. వారిలో కొందరి మాతృభాష స్పానిష్, మిగిలినవారివి వేర్వేరు భాషలు. ఎనిమిది వ్యాకరణ పదాంశాల వినియోగంలో రెండు వర్గాల కష్టసులభతా క్రమం చాలావరకు ఒకేలా ఉందని తేలింది. అన్ని దోషాలకూ మాతృభాషే మూలమన్న వాదాన్ని ఈ ఫలితం బలహీనపరిచింది.

తెలుగు నుంచి సాక్ష్యం:
తెలుగు విద్యార్థుల వాక్యాలు ఈ చర్చకు స్పష్టమైన ఉదాహరణలిస్తాయి. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్న ప్రయోగాన్ని పరిశీలించవచ్చు. తెలుగులో ‘నేను వెళ్ళలేదు’ అన్నప్పుడు ప్రధాన క్రియ భూతకాల రూపంలో ఉండదు, వ్యతిరేకార్థాన్ని ‘లేదు’ మోస్తుంది. తెలుగు నిర్మాణాన్నే అనుసరించి ఉంటే విద్యార్థి ‘గో’ అనే మూలరూపాన్నే వాడాలి. అతడు ‘వెంట్’ అన్నాడంటే భూతకాలాన్ని క్రియపై సూచించాలన్న ఆంగ్ల నియమాన్ని అవసరానికి మించి వర్తింపజేశాడని అర్థం. ‘ఐ యామ్ నోయింగ్’ విషయమూ అటువంటిదే. ‘నాకు తెలుసు’ అనే స్థానంలో ‘తెలుస్తున్నాను’ అనే రూపం తెలుగులో లేదు. కాబట్టి ఇక్కడా తెలుగును నిందించే వీలు లేదు.

మాతృభాషా ప్రభావం అసలే లేదనడమూ సరికాదు. ఆంగ్లంలోని ‘ఎ’, ‘ది’ వంటి ఆర్టికల్స్‌కు తెలుగులో సమానమైన వ్యవస్థ లేదు. వాటిని విడిచిపెట్టడానికి ఈ భేదం ఒక కారణం కావచ్చు. ‘డిస్కస్ అబౌట్’ అనే ప్రయోగం వెనుక ‘గురించి చర్చించు’ అనే తెలుగు పలుకుబడి ఉండవచ్చు; ‘డిస్కషన్ అబౌట్’ అనే సరైన ఆంగ్ల ప్రయోగంతో సామ్యమూ ఉండవచ్చు. ఒకే దోషానికి రెండు మూలాలు సాధ్యమైనప్పుడు నిర్ధారణకు తొందర పనికిరాదు.

కనిపించని కష్టం:
దోష విశ్లేషణకూ పరిమితులున్నాయని 1974లోనే జాక్వెలిన్ షాక్టర్ నిరూపించింది. పర్షియన్, అరబిక్, చైనీస్, జపనీస్ మాతృభాషలుగా గల విద్యార్థుల ఆంగ్ల రచనల్లో ‘హూ’, ‘విచ్’ వంటి పదాలతో ఏర్పడే ఉపవాక్యాలను ఆమె లెక్కించింది. చైనీస్, జపనీస్ విద్యార్థులు తక్కువ తప్పులు చేశారు. అయితే వారు ఆ ఉపవాక్యాలను వాడిన సందర్భాలే తక్కువ. కష్టమైన నిర్మాణాన్ని వారు తప్పించుకున్నారు.

ఆ రెండు భాషల్లోనూ విశేషించే ఉపవాక్యం నామానికి ముందు వస్తుంది. తెలుగులోనూ అంతే. ‘నిన్న వచ్చిన మనిషి’ అన్నప్పుడు ధాతుజ విశేషణం నామానికి ముందే నిలుస్తుంది. ఈ సామ్యాన్ని బట్టి తెలుగు విద్యార్థి కూడా అటువంటి వాక్యాలను తప్పించుకునే అవకాశం ఉందని ఊహించవచ్చు. అప్పుడు చిన్న చిన్న వాక్యాలతో తప్పులు లేకుండా రాసిన జవాబుపత్రం ప్రగతికి నిదర్శనం కాకపోవచ్చు. సంక్లిష్ట వాక్యాన్ని ప్రయత్నించి తప్పిన విద్యార్థి అతని కంటే ముందుండవచ్చు.

ముగింపు:
ఈ పరిణామాన్ని గమనిస్తే ప్రతి దశా ముందుదానిని పూర్తిగా రద్దు చేయలేదనీ, దాని పరిధిని నిర్ణయించిందనీ తెలుస్తుంది. తప్పుల సంఖ్యను మాత్రమే లెక్కించే మూల్యాంకనం సాహసించిన విద్యార్థిని శిక్షించి, తప్పించుకున్న విద్యార్థికి మార్కులిస్తుంది. ఇంటా బయటా ఆంగ్లం వినే అవకాశం తక్కువగా ఉన్న తెలుగు మాధ్యమ విద్యార్థికి ఈ నష్టం మరింత ఎక్కువ. అతని తప్పులను తెలుగు వల్ల కలిగినవి, ఆంగ్ల నియమాల అతివ్యాప్తి వల్ల కలిగినవి అని వర్గీకరించడంతో పాటు, అతడు రాయకుండా విడిచిన నిర్మాణాలను కూడా నమోదు చేయడం ఈ రంగంలో తెలుగు ప్రాంత పరిశోధకులు చేపట్టవలసిన పని. తెలుగు వ్యాకరణ పరిజ్ఞానం లేకుండా ఆ పని సాధ్యం కాదు. ఆంగ్ల శాఖలూ తెలుగు శాఖలూ కలిసి పనిచేయవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.