చాంగాన్ నగరాన తాళపత్రాలకు వెలసిన గోపురం

చీనాదేశంలోని నేటి షియాన్ నగరమే ప్రాచీన చాంగాన్. అక్కడి 'దా త్సి-ఎన్' బౌద్ధాలయాన్ని 648లో యువరాజు లీ జీ, దివంగతురాలైన తన మాతృమూర్తి స్మృత్యర్థం నిర్మింపజేశాడు. ఆలయనామంలోనే మాతృవాత్సల్యం ధ్వనిస్తుంది. మాతృఋణాన్ని ఎరిగిన మనకు దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

యాత్రికుల దృష్టి ముందుగా ఆకర్షించేది ప్రాంగణంలోని ఇటుకల గోపురం. ఏడంతస్తులు, సుమారు 64 మీటర్లు. కానీ దీని ప్రయోజనం గ్రంథరక్షణ. హ్యూయన్‌త్సాంగ్ 645లో భారతదేశం నుండి 657 గ్రంథాలతో తిరిగివచ్చాడు. మార్గమధ్యంలో సింధునది దాటునప్పుడు తుఫానుకు పడవ ఊగిపోయి, సుమారు 50 ప్రతులు జలార్పణమైనవి. వాటి ప్రతిలేఖనాలకై ఆయన మరల మనుష్యులను పంపవలసి వచ్చింది. గ్రంథనాశమంటే ఏమిటో ఆ విధంగా అనుభవైకవేద్యమైన మహనీయుడు, మిగిలినవి అగ్నికి ఆహుతి కారాదని శిలాగోపురాన్ని సంకల్పించాడు. అది దుష్కరమని చక్రవర్తి ఇటుకలను సూచించాడు. 652లో పని ఆరంభమైనప్పుడు, అప్పటికే వృద్ధాప్యం సమీపిస్తున్న ఆచార్యుడు స్వయంగా గంపలకెత్తి ఇటుకలు మోశాడని ఆయన జీవితచరిత్ర చెబుతున్నది.

ఆ తొలి కట్టడం ఐదంతస్తులదే. అది శిథిలం కాగా ఎనిమిదవ శతాబ్దారంభంలో పునర్నిర్మించారు. 1556 నాటి ఘోరభూకంపంలో అదీ దెబ్బతిన్నది. దక్షిణద్వారానికి ఇరుప్రక్కల నిలిచిన 653 నాటి శిలాశాసనాలు మాత్రం ఆనాటివే.

ఆంధ్రదేశానికీ ఈ ఆచార్యునితో సంబంధమున్నది. ఆయన ధాన్యకటకంలో కొన్ని మాసాలు నివసించి, సుభూతి, సూర్యుడు అనే భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని అధ్యయనం చేశాడు. వారికి తాను మహాయానశాస్త్రాలను బోధించాడు. గురుశిష్యభావం ఇరువైపులా ప్రవహించిన అరుదైన సందర్భమది.

అయితే వైదికదర్శనాభిమానులు ఆ గోపురచ్ఛాయలో స్మరింపదగినది మరొకటి ఉన్నది. కణాదసంప్రదాయానికి చెందిన 'దశపదార్థశాస్త్రం' చంద్రమతి కృతి. ప్రసిద్ధములైన ఆరు పదార్థాలకు శక్తి, అశక్తి, సామాన్యవిశేషం, అభావం అను నాలుగింటిని చేర్చిన వైశేషికగ్రంథమిది. ఇందులో బౌద్ధమతప్రసక్తి లేదు. అయినను ఆ బౌద్ధభిక్షువు 648లో దీనిని శ్రద్ధతో చీనాభాషలోకి అనువదించాడు. సంస్కృతమూలం మన దేశంలో లుప్తమైంది. నేడు చంద్రమతి మతాన్ని తెలియగోరు జిజ్ఞాసువుకు ఆ చీనా అనువాదమే ఆధారం.