కుండలోని మొక్కకు కూడు



నేను బడిపని విరమించిన నాడు శిష్యుడొకడు నాకొక మనీప్లాంటు కుండను బహూకరించెను. దాని జన్మభూమి పసిఫిక్ సముద్రములోని మూరెయా దీవి. నేను ప్రేమాతిశయమున వారమువారము దానికి చారెడు పొడియెరువు వేసితిని. కొలది దినములకే ఆకుల కొనలు మాడి మొక్క వాడిపోయెను. అది ఆకలిచే గాక అజీర్ణముచే చచ్చినదని పిమ్మట తెలిసికొంటిని.

ఆ పశ్చాత్తాపమే నన్ను పూర్వగ్రంథములకడకు మరలించినది. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమే కేటాయించెను. మేక, గొఱ్ఱె పెంటికలను, నువ్వులను, యవలపిండిని, మాంసమును నీట నానవేసి, యేడురాత్రులైన పిదప చెట్లకు పోయుమనెను. సురపాలుని వృక్షాయుర్వేదములో ఇట్టిదే కుణపజలము కలదు. ఆక్స్‌ఫర్డులోని వ్రాతప్రతినుండి ఆ గ్రంథము నళినీ సాధలేగారి యాంగ్లానువాదముతో 1996లో మన సికిందరాబాదుననే వెలువడినది.

ఈ విధులలోని మర్మ మేమి? పచ్చిపదార్థమును వేరు తినలేదు. నానబెట్టినపుడు సూక్ష్మజీవులు దానిని విడగొట్టును. నీట కరగిన లవణములనే వేరు త్రాగును. మొక్కల కాహారము ఖనిజలవణములే యని జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1840లో గ్రంథముఖమున చాటెను. నేటి యెరువుపొట్లముల మీది నత్రజని, భాస్వరము, పొటాషియముల లెక్కకు మూల మీ శాస్త్రమే.

అయితే అడవి వేఱు, కుండ వేఱు. 1829లో లండను వైద్యుడు వార్డు మూతవేసిన గాజుసీసాలో మొక్క బ్రతుకుట కనుగొనెను. అట్టి గాజుపెట్టెలలో ఉష్ణదేశపు మొక్కలు ఓడలెక్కి పరదేశముల యిండ్లు చేరినవి. అడవిలో మిగులు లవణములను వాన కడిగివేయును. కుండలో నవి పేరుకొని వేరునందలి నీటినే లాగివేయును.

కనుక పొట్లముపై వ్రాసిన మోతాదులో సగమే నీట కలిపి, తడిసిన మట్టికే, మొక్క చిగిర్చు కాలమున పోయుడు. చలికాలమునను, వెలుతురు చాలని గదిలోను పస్తే పథ్యము. అప్పుడప్పుడు అడుగు రంధ్రమునుండి కారువఱకు మంచినీరు పోసి మట్టిని కడుగుడు.

సురపాలుడు చెట్లకును వాతపిత్తకఫములు చెప్పెను. ఆ త్రిదోషములను నేటి శాస్త్ర మంగీకరింపదు; కాని పెద్దలు దీనికి పాకశాస్త్రమని గాక ఆయుర్వేదమని పేరిడుటలోని వివేకము నాకు మొక్క చచ్చినపిదప బోధపడినది. దాని తీగనుండి మిగిలిన యొక్క కణుపు నీట వేరూనినది. ఇప్పుడు దానికి మితముగా వడ్డించుచున్నాను.