జవాబు రాలేదు, మోటారు తిరిగింది

రాత్రి మూడు దాటింది. భీమవరం పక్కన ఒక వెనామీ రొయ్యల చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో, మంచం అంచున కూర్చుని ఉన్నావు. ఒళ్లో లాప్‌టాప్. చెవుల చుట్టూ దోమలు. మెడ జిడ్డుగా ఉంది. తెర మీద ఎర్రగా ఒక వరుస పడింది: 'రీడ్ టైమ్డ్ అవుట్'. చూస్తుండగానే దాని కింద ఇంకొకటి.

చెరువు మామయ్యది. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లను మనిషికి బదులు నీ ప్రోగ్రామ్ చూసుకుంటున్న మొదటి రాత్రి ఇది. నీళ్లలో వేలాడుతున్న సెన్సర్ కరిగిన ఆక్సిజన్‌ను కొలుస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, అవతలి గట్టు మీది ప్యానెల్లో ఉన్న చిన్న ఈఎస్‌పీ8266 బోర్డుకు ప్రోగ్రామ్ వైఫై మీదుగా వెబ్ రిక్వెస్ట్ పంపుతుంది. బోర్డు రిలేను కదిలిస్తుంది, రిలే కాంటాక్టర్‌ను లాగుతుంది, నీళ్లలో చక్రాలు తిరుగుతాయి.

సెన్సర్ ఇప్పుడు 3.4 చూపిస్తోంది.

పగలు బాగానే ఉంది కదా, ఇప్పుడెందుకు పడుతోంది? పగలు నీళ్లకు పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్ ఎండలో ఆక్సిజన్ తయారు చేసింది. చీకటి పడ్డాక అదీ రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటోంది. సూర్యుడు వచ్చే దాకా ఈ అంకె తనంతట తాను పైకి రాదు.

మొదటి ఆలోచన రౌటర్ మీదికి పోతుంది. ఆపి మళ్లీ పెడదామా? చెయ్యి లేస్తుంది కూడా. ఆగు. ముందు పింగ్ కొట్టి చూడు. కొడతావు. బోర్డు పలుకుతోంది, నాలుగైదు మిల్లీసెకన్లలో. అంటే వైఫై బాగుంది, బోర్డు బతికే ఉంది.

ఆ ఎర్ర వరుసను మళ్లీ చదువు, ఈసారి మాట మాటా. బోర్డు ఉండి, 80వ పోర్టు దగ్గర వినేవాళ్లు లేకపోతే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే ముఖం మీదే చెప్పేది. బోర్డే లేకపోయినా, రౌటర్ దాని ఐపీ అడ్రస్ మార్చేసినా, 'కనెక్ట్' దగ్గరే ఆగిపోయేది. ఇక్కడ ఉన్నది 'రీడ్'. లైను కలిసింది. నీ మాట వెళ్లింది. తిరుగు మాట మాత్రం పూర్తి కాలేదు.

అప్పుడు అవతలి గట్టు నుంచి 'టక్' మని వినిపిస్తుంది. వెంటనే మోటార్ల మూలుగు, నీళ్లు చిమ్ముతున్న చప్పుడు. హమ్మయ్య అనుకుంటావు.

ఐదు సెకన్లు. టక్. చప్పుడు ఆగిపోయింది.

ఇంకో ఐదు సెకన్లు. టక్. మళ్లీ మొదలు. టక్. మళ్లీ ఆగింది.

తెర మీద మరో నాలుగు ఎర్ర వరుసలు. చెవికి నాలుగు టక్కులు.

కాపలా ఆయన టార్చి ఊపుకుంటూ గట్టు మీద పరుగెత్తుకొస్తున్నాడు. "ఏవండీ, మోటార్లకి ఏమైందండి? తిరుగుతున్నాయి, ఆగిపోతున్నాయి. రొయ్య గట్టుకొచ్చేసిందండి!"

లాప్‌టాప్ పక్కన పెట్టి నీళ్ల అంచుకు వెళ్తావు. టార్చి వెలుతురులో ఎర్రటి చుక్కలు. వందల్లో. అవి రొయ్యల కళ్లు. అడుగున మేత వెతుక్కోవాల్సినవి అంచున, పై నీళ్లలో ఆడుతున్నాయి. గాలి అందక.

సెన్సర్ 2.9.

ఇప్పుడు తేల్చుకోవాలి. తప్పు ఎక్కడుందో సగం అర్థమైంది. కూర్చుంటే పది నిమిషాల్లో సరిచేయగలనని బుర్ర చెబుతోంది. కోడ్ రాసేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది, చెరువు ఎండుతున్నా కారణం కనుక్కున్నాకే లేస్తారు. వినకు.

ప్రోగ్రామ్ ఆపు. కంట్రోల్, సీ. ఆగింది.

పరుగెత్తు. గట్టు జారుతోంది. చెప్పు ఊడింది. వదిలెయ్.

ప్యానెల్. చేతులు తడిగా ఉన్నాయి. తువ్వాలుతో తుడుచుకో. రబ్బరు పట్టా మీద నిలబడు. స్విచ్ ఆటో నుంచి మాన్యువల్‌కి తిప్పు. పచ్చ బటన్ నొక్కు.

ఏమీ లేదు.

మళ్లీ నొక్కు. లేదు.

వేలు పెట్టి చూడక్కర్లేదు, వాసనే చెబుతోంది. వేడి. నీ ప్రోగ్రామ్ నిమిషం ఆగి, ఆక్సిజన్ ఇంకా తక్కువే ఉందని చూసి, మళ్లీ నాలుగు సార్లు పంపుతూ వచ్చింది. మోటారు మొదలైన ప్రతిసారీ మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అలా ఆగీ సాగీ వేడెక్కి ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. చల్లారే దాకా రీసెట్ పట్టదు.

నిలబడు. వేరే దారి లేదు.

కాపలా ఆయన నీళ్లకేసి చూస్తున్నాడు. నువ్వు రిలేకేసి.

రీసెట్. పట్టలేదు.

ఆగు.

రీసెట్. 'క్లిక్'. పచ్చ బటన్. టక్! మూలుగు. నీళ్లు లేస్తున్నాయి. ఐదు సెకన్లు. పది. ఇరవై. ఆగలేదు.

మామయ్య ఫోన్. "తిరుగుతున్నాయా?" "తిరుగుతున్నాయి మామయ్యా. మాన్యువల్లో పెట్టాను." "ఉంచు అలాగే."

ఇప్పుడు కూర్చోవచ్చు. స్విచ్ మాన్యువల్లో ఉంది కాబట్టి బోర్డు రిలే ఎన్నిసార్లు ఆడినా మోటార్లకు తగలదు. ప్రోగ్రామ్ జోలికి పోకుండా, అదే రిక్వెస్ట్‌ను 'కర్ల్'తో చేత్తో పంపుతావు, వచ్చే పోయే ప్రతి వరుసా కనిపించేలా. నీ వైపు నుంచి పోస్ట్, 'టోగుల్'. అటు నుంచి 'హెచ్‌టీటీపీ 1.1, 200 ఓకే'. కంటెంట్ టైపు. ఒక ఖాళీ వరుస. 'ఆన్' అనే మాట. ఆ తర్వాత కర్సర్ మినుకుమినుకుమంటూ ఉండిపోయింది.

జవాబు వచ్చేసింది. అయిపోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫోన్లో అవతలివాళ్లు చెప్పాల్సింది చెప్పి, "ఉంటాను మరి" అనకుండా, పెట్టెయ్యకుండా ఊరుకున్నట్టు. జవాబు ఎక్కడ ముగుస్తుందో తెలియడానికి హెచ్‌టీటీపీ 1.1లో దారులున్నాయి: ఎన్ని బైట్లో 'కంటెంట్ లెంగ్త్'లో ముందే చెప్పాలి, లేదా ముక్కలుగా పంపి చివరి ముక్క ఇదని చెప్పాలి, లేదా పంపడం అయ్యాక లైను మూసెయ్యాలి. బోర్డు ఏదీ చేయలేదు. నీ ప్రోగ్రామ్ ఐదు సెకన్లు చూసి, పని జరగలేదనుకుని మళ్లీ పంపింది.

పగలు ఫోన్లో బటన్ నొక్కి పరీక్షించినప్పుడు బాగానే ఉందే? ఒక్కసారే నొక్కారు. మోటారు తిరిగింది. పేజీ మీద లోడింగ్ గుర్తు తిరుగుతూనే ఉంది, దాన్ని ఎవరు చూస్తారు? మనిషి చెరువు వైపు చూస్తాడు. ప్రోగ్రామ్‌కు జవాబు తప్ప చెరువు కనిపించదు.

నాలుగు సార్లు టోగుల్ అంటే వేసి, తీసి, వేసి, తీసి. మూడు సార్లతో ఆపేలా రాసి ఉంటే మోటార్లు ఒక విడతకు ఆన్‌లో, మరుసటి విడతకు ఆఫ్‌లో నిలిచేవి, ఈ తప్పు దొరకడం ఇంకా కష్టమయ్యేది. అది ఇంకా ప్రమాదం.

బోర్డు కోడ్ తెరుస్తావు. 'కంటెంట్ లెంగ్త్', కింద 'కనెక్షన్: క్లోజ్', పంపాక లైను మూసే వరుస. ఇంతటితో ఎర్ర వరుసలు పోతాయి. లాప్‌టాప్ మూసేద్దామా?

వద్దు. రేపు వాన పడుతుంది, వైఫై మధ్యలో తెగుతుంది, జవాబు దారిలో పోతుంది. అప్పుడు మళ్లీ ఇదే ఆట. అసలు దోషం 'టోగుల్' అనే ఆజ్ఞలో ఉంది. 'ఉన్నదాన్ని మార్చు' అనకూడదు, 'ఆన్‌లో ఉండు' అనాలి. అప్పుడు ఒకసారి విన్నా పదిసార్లు విన్నా ఫలితం ఒకటే. 2022లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా ఈ తేడానే పాటిస్తుంది: 'పుట్' రిక్వెస్ట్‌ను మళ్లీ పంపినా ఇబ్బంది లేదు, 'పోస్ట్'కు ఆ భరోసా లేదు. టోగుల్ తీసేసి, 'ఆన్'కి ఒక పుట్, 'ఆఫ్'కి ఒక పుట్ పెడతావు. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ఒక 'గెట్'. ప్రోగ్రామ్‌లో ఇంకో రెండు వరుసలు: టైమ్ అవుట్ అయితే ముందు స్థితి అడుగు, తర్వాతే మళ్లీ పంపు.

కొత్త కోడ్ ఎక్కించి, కావాలనే చెడగొడతావు. జవాబు కోసం ఆగే గడువును సెకనులో వెయ్యో వంతుకు తగ్గించి, 'ఆన్' నాలుగు సార్లు పంపుతావు. తెర మీద నాలుగూ ఎర్రగానే పడ్డాయి. ప్యానెల్లో రిలే దీపం మొదటిసారే వెలిగింది, అలాగే ఉంది. స్థితి అడిగితే 'ఆన్' అంది.

సెన్సర్ 3.7. కాపలా ఆయన స్విచ్ వైపు చూపించి, ఆటోలో పెట్టేయమంటారా అని అడుగుతున్నాడు. ఇప్పుడొద్దు, పొద్దెక్కాక పెడదామంటావు.