గొంగడికీ కారుకీ కుదరదు

కారు కడగడానికి చేతికి వేసుకునే తొడుగు గొర్రె బొచ్చుదైతే మంచిదంటే, నారాయణఖేడ్ దగ్గరి బోరంచలో ఎవరికైనా ముందు గొంగడే తడుతుంది. తొందరపడకండి! దక్కనీ గొర్రె ఉన్ని మోటుది. ఆపైన నేతకి ముందు పడుగుకి చింతగింజల గంజి పట్టిస్తారాయె. వానకీ చలికీ దానికి సాటి లేదు గానీ, కారు మీద రుద్దితే గీతలే. తొడుగుకి కావలసింది మెరినోలాంటి మెత్తని బొచ్చు. కారుకంటిన ఇసుకరేణువు ఆ పొడుగు పోగుల్లోకి దూరిపోతుంది, రంగుని ఒరుసుకోదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూశారా? అది 1912 నాటిది. అప్పట్లో కార్లకి వార్నిషు పూతలు. ఆరడానికే వారాలు పట్టేవి. అందుకే గుర్రబ్బండ్లకి మల్లేనే స్పాంజితో కడిగి, షామీ తోలుతో తడి అద్దేవారు. 1923 తర్వాత గాని త్వరగా ఆరే డుకో రంగులు రాలేదు. 1970లో జపానులో పుట్టిన అతిసన్నని పోగుల వరసదే ఇప్పటి మైక్రోఫైబర్.

మన ఇళ్లలో కారుకి దక్కేది మాత్రం మన పాత నూలుచీరే. మెత్తగానే ఉంటుంది, నిజమే. కానీ చదునైన గుడ్డలో ఇసుక దాక్కునే చోటేదీ? రేగడి దుమ్ము ముందు నీళ్లతో జారిపోవాలి. తొడుగు జాడించడానికి వేరే బకెట్ పెట్టుకోండి. కిందపడ్డ తొడుగు ఇక చక్రాలకే.